దొరసాని చెవిపోగు

గాలికుంటు జబ్బు పక్క పాకదాకా వచ్చిందని తెలియగానే మా అక్క చేసిన మొదటి పని దొరసానిని దాణా గదిలో దాచడం. జబ్బు తగిలిన చోట పశువుల్ని చంపేస్తారని అప్పటికే పుకారు. దొరసాని తొలిచూలు ఆవు. మేత నచ్చకపోతే తొట్టిని కొమ్ముతో నెట్టేసి అటు తిరిగి నిలబడుతుంది. ఆ పేరు ఊరికే రాలేదు.

జబ్బును ఆపడానికి విదేశాల నుంచి దిగిన పశువైద్యుల బృందానికి నేను దుబాసీని. వాళ్ళు మా పాకలో పశువుల్ని లెక్కపెడుతున్నంతసేపూ దాణా గది తలుపు వైపు చూడకుండా ఉండేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అక్క మాత్రం నంగనాచి తుంగబుర్రలా నిలబడింది.

మర్నాడు ఆ బృందం పెద్ద, మేము పొడుగాయన అనేవాళ్ళం, అన్నింటికీ టీకా వేస్తామన్నాడు. అదే అక్కకు చెప్పాను. ఆమె మొహం చేటంతయింది.

"టీకానా? ఆ ముక్క ముందే చెప్పొద్దూ!" అంటూ తనే వెళ్ళి దాణా గది గొళ్ళెం తీసింది. "దాచానని ఏమీ అనుకోవద్దని చెప్పవే. కడుపుతో ఉంది, సూది కాస్త మెల్లిగా వెయ్యమను."

పొడుగాయన తలూపి సూది నింపాడు. పశువును కదలకుండా పట్టే ఇనుప చట్రం చూసి దొరసాని మొరాయించింది. అక్క తవుడు బకెట్టు ఆశచూపి లోపలికి నడిపించింది. మెడకు సూది, టీకా పడ్డ గుర్తుగా చెవికి పసుపు పోగు.

"మన చెవులు బోడిగానే ఉన్నాయి గానీ, దీనికి నగ పెట్టారే!" అని అక్క మురిసిపోయింది. దాచుకున్నవాళ్ళు బయటికి తెచ్చుకోండి, మంచి మనుషులు అని వీధంతా చెప్పింది. ఎదురింటాయన తన మేకల్ని తోలుకొచ్చాడు కూడా.

రెండు వారాలకు అదే బృందం తుపాకులతో వచ్చింది. పసుపు పోగులున్నవన్నీ చంపాలన్నాడు పొడుగాయన.

నేను తప్పుగా విన్నానేమోనని మళ్ళీ అడిగాను. ఓపిగ్గా చెప్పాడు. మొదటినుంచీ అనుకున్నది ఇదేనట. చంపేవాళ్ళు చాలక, వాళ్ళు మా వీధికి వచ్చేదాకా జబ్బును నిలవరించడానికే టీకా. టీకా పడ్డ పశువులో జబ్బు దాగుందో లేదో నమ్మకంగా తేల్చలేరట. ముందే చెబితే ఎవరు తోలుకొస్తారు, అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమంటున్నాడే?" అంది అక్క.

చెప్పాను. చెప్పడానికి నేను తప్ప ఇంకెవరున్నారు?

అక్క దాణా గది గొళ్ళెం వైపు చూస్తూ ఉండిపోయింది. ఎదురింటాయన గోడ మీదుగా అక్కనే చూస్తున్నాడు. ఆయన మేకల వంతు తరువాత.

మిగతా ఆవుల్ని తాళ్ళు కట్టి ఈడ్చాల్సొచ్చింది. దొరసాని మాత్రం చట్రం కనబడగానే తనంతట తనే వచ్చి, మెడ లోపల పెట్టి, నాలుక చాపింది.

"మీ అక్కలాంటివాళ్ళ వల్లే జబ్బు ఈ వీధితో ఆగింది. కృతజ్ఞతలు చెప్పండి" అన్నాడు పొడుగాయన. ఆ మాట అక్కకు చెప్పకుండా మింగేశాను.

అక్క దాణా గదిలోకి వెళ్ళి బకెట్టు నిండా తవుడు తెచ్చింది.

"కాస్త ఆగమను. పోయినసారి పెట్టానుగా, అందుకే వచ్చింది పిచ్చిది. ఇప్పుడు పెట్టకపోతే నేనూ మోసం చేసినట్టే."

దొరసాని అడుగంటా నాకేదాకా బకెట్టు పట్టుకునే నిలబడింది. తరువాత దాని చెవి నిమిరి, వెనక్కి జరిగింది.

"ఇక కానిమ్మను" అంది.

ఆ మాట మాత్రం పొడుగాయనకు చెప్పాను.