నాలుగు వేళ్ల సందు

అత్తగారిని మంచం మీంచి కుర్చీలోకి మార్చడానికి ఒక పద్ధతి ఉంది. మోకాళ్లు మంచం పట్టెకు ఆనించి, ఆవిడ చేతులు మెడ చుట్టూ వేయించుకుని, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున లేపాలి. నాలుగేళ్లుగా రోజుకు ఆరుసార్లు కోడలు చేస్తున్న పని అది. లేపిన ప్రతిసారీ ఆమె బొడ్డు పైన గట్టులా ఏదో ఉబ్బి, మళ్లీ జారిపోయేది.

కవలలు పుట్టి పదకొండేళ్లయింది. పొట్ట మాత్రం ఆరో నెల దగ్గరే ఆగిపోయింది. బస్సులో ముక్కూ మొహం తెలియని వాళ్లు లేచి సీటిచ్చేవారు. ఆమె కాదనకుండా కూర్చునేది. సిగ్గు కంటే నడుంనొప్పి పెద్దది మరి. "మా ఆవిడ ఇంకా మోస్తూనే ఉంది, ఏనుగుపిల్లేమో" అని భర్త స్నేహితుల్ని నవ్వించేవాడు. ఫొటో దిగాలంటే, "పొట్ట లోపలికి పీల్చు" అనేవాడు. "నోరు కట్టుకో, అదే తగ్గుతుంది" అనేవాడు. ఆమె కట్టుకుంది. పదకొండేళ్లపాటు రాత్రిళ్లు అందరికీ వడ్డించి, తాను రెండు ముద్దలు తిని గిన్నెల మీద మూతలు పెట్టేసింది.

ఆఫీసులో పెద్ద పదవి వచ్చాక, విందులకు జంటగా వెళ్లాలని భర్తే పొట్ట తగ్గించే ఆపరేషన్ చేయిస్తానన్నాడు.

డాక్టరమ్మ ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త పైకెత్తమంది. బొడ్డు పైన నొక్కితే నాలుగు వేళ్లూ లోపలికి దిగాయి.

"ఇది కొవ్వు కాదమ్మా. కాన్పుతో పొట్ట కండరాలు మధ్యకి విడిపోయాయి. ఎన్ని పస్తులున్నా ఇది పూడదు."

ఆమెకు మూత పెట్టిన గిన్నెలు గుర్తొచ్చాయి.

"వదులు చర్మం తీసేటప్పుడే లోపలి కండరాల్ని దగ్గరికి లాగి కుట్టేస్తాం. ఆ తర్వాత ఆరు వారాలు బరువులెత్తకూడదు."

భర్త గొంతు సవరించుకున్నాడు. "ఆ లోపలిది వదిలేయండి డాక్టరుగారూ. పైకి కనిపించేది చాలు. మా అమ్మని ఎవరెత్తుతారు అన్నాళ్లు?"

"పొట్ట ఆవిడది. ఆవిడే చెప్పాలి" అంది డాక్టరమ్మ.

మర్నాడు పొద్దున అత్తగారి ఒళ్లు తుడుస్తూ ఆమె జరిగిందంతా చెప్పింది. ఆవిడ కోడలి తడిచెయ్యి పట్టుకుని తన బొడ్డు మీద పెట్టుకుంది. తలగడ మీంచి తల ఎత్తింది.

వేళ్లు దిగిపోయాయి. చెయ్యంతా దిగిపోతుందేమోనని ఆమె భయపడింది.

"ఐదుగుర్ని కన్నాను. మీ మామయ్య నన్ను బస్తా అని పిలిచేవాడు. పోయేదాకా అదే పిలుపు. గుడ్డ బిగించి కట్టుకుని తిరిగేదాన్ని."

"ఎవరికీ చెప్పలేదా అత్తయ్యా?"

"ఏమని చెప్పను? నా తిండి మీదే అనుమానం నాకు." ఆవిడ కన్నీళ్లు కణతల మీదుగా చెవుల్లోకి కారాయి. "నువ్వు కుట్టించుకో అమ్మాయ్."

భర్త టై సర్దుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. "ఏమనుకున్నావ్? పైదొక్కటే అని చెప్పేయనా?"

ఆమె చేతులు తుడుచుకుని మంచం పక్క నుంచి తప్పుకుంది.

"ఇలా రండి. మోకాళ్లు పట్టెకు ఆనించండి. అత్తయ్య చేతులు మెడ చుట్టూ వేయించుకోండి."

"ఇప్పుడా? నాకు టైమవుతోంది..."

"పొట్ట లోపలికి పీల్చండి" అంది ఆమె. "ఇప్పుడు ఎత్తండి."