ఓరిన్ పెల్కీకి ఇచ్చిన మూడు నిమిషాలు

ఆ శనివారం ఊరి సభామందిరానికి వచ్చినవారు, వచ్చిన క్రమంలో, వీరు: ఉదయం ఆరున్నరకు తాళంచెవితో ఓరిన్ పెల్కీ, ఎనిమిదింటికి చిక్కుడుగింజల కుండతో వెర్నా డైసర్, తొమ్మిదింటికి సభాధ్యక్షురాలు ఎడ్నా స్ప్రాగ్, తొమ్మిదింబావుకు మెర్ల్ బీల్, తొమ్మిదిన్నరకు, మెర్ల్ ఎక్కడ కూర్చున్నాడో చూసుకొని దానికి ఎదుటి వైపున కూర్చోవడానికి, అతని అన్న క్లేటన్ బీల్. తరువాత ఊరివారు అరవై ఇద్దరు.

వెర్నా వచ్చేసరికి ఓరిన్ నలభయ్యో కుర్చీ విప్పుతున్నాడు. మడత కుర్చీని మోకాలికి ఆనించి, ఒక చేత్తో వెనుకభాగం పట్టి, రెండో చేత్తో పీట నొక్కుతాడు, చప్పుడు కానివ్వడు. పొడవైన మనిషి. నలభై ఏళ్లకు పైగా నీళ్ల బొక్కెన మోసిన ఎడమ భుజం కుడిదానికంటే రెండు అంగుళాలు దిగి ఉంటుంది. బూడిదరంగు చొక్కా గుండీ గొంతు దాకా పెట్టి ఉంటుంది. వేసవి వెళ్లిన నాటి నుంచి పది కుర్చీలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. ఆ గుండె వసంతం దాకా లాగదని డాక్టరు చెప్పిన మాట అతడు ఎవరికీ చెప్పలేదు.

"ఏమయ్యా ఓరిన్, మొహం అట్లా పాలిపోయిందేం? రాత్రి ఏమన్నా తిన్నావా?"

"తిన్నాన్లే."

"ఏం తిన్నావు?"

"ఉన్నదే తిన్నా."

వెర్నా కుండను పొయ్యి మీదికెక్కించి నవ్వింది. "ఇవాళ క్లేటన్ ఎటు మాట్లాడతాడంటావ్?"

"మెర్ల్ ఎటో తెలిస్తే చాలుగా."

"అదీ నిజమే. వాన పడుతోందని మెర్ల్ అంటే, వాడు తడుస్తూ గొడుగు మూసేసే రకం."

ఓరిన్ నవ్వలేదు. ఆ అన్నదమ్ముల మధ్య ముప్ఫై తొమ్మిదేళ్లుగా మాటలు లేవు. దానికి కారణం తానేనని ఊళ్లో తనకొక్కడికే తెలుసు.

అప్పట్లో అతడు బడిలో ఊడ్చేవాడు. ఒక సాయంత్రం గొట్టం పగిలి, మెర్ల్ పుస్తకాలు పెట్టుకునే అరలోకి నీళ్లు కారుతుంటే తలుపు తీశాడు. తడిసిన పుస్తకాల వెనుక చిన్న పొగాకు డబ్బీ. లోపల చిటికెడు గంజాయి. పిల్లవాడి తండ్రిని పిలిచి మందలిస్తారనుకొని డబ్బీని ప్రధానోపాధ్యాయుడికి ఇచ్చాడు. ఆయన పోలీసులను పిలిచాడు. ఎవరిచ్చారో బయటికి రానక్కరలేదన్నాడు, తానూ ఎవరికీ చెప్పకుండానే చనిపోయాడు. డబ్బీ సంగతి క్లేటన్‌కు తప్ప మరెవరికీ తెలియదు కనుక పట్టించింది అన్నయ్యేనని మెర్ల్ నిశ్చయించుకున్నాడు. మొదటి సంవత్సరం ఓరిన్ చెప్పడానికి భయపడ్డాడు. పదో సంవత్సరానికి సిగ్గుపడ్డాడు. ఇరవయ్యో సంవత్సరం నుంచి అలసిపోయాడు. ఈ రోజు చెప్పకపోతే ఇక చెప్పేవారెవరూ ఉండరు.

నవంబరులో రాష్ట్రమంతా ఓటు వేయవలసిన ప్రశ్న, ఇరవై ఒక్క ఏళ్లు నిండినవారు కొద్దిపాటి గంజాయి దగ్గర ఉంచుకోవడం నేరం కాకుండా చేయవచ్చునా అన్నది. ఆ మందిరపు నియమాలు పాతవి: ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, ప్రతి మాటా అధ్యక్షస్థానానికే చెప్పాలి, సభలో ఉన్నవారి పేరెత్తకూడదు, గడువు చూసే మనిషి చర్చలో పాల్గొనకూడదు. గడువు చూసేది ఓరిన్. చూసే సాధనం అతని భార్య డెల్లా వంటింట్లో గుడ్లు ఉడకబెట్టడానికి వాడిన తెల్లని తిప్పుడు గడియారం. డెల్లా పోయి పదకొండేళ్లయినా దాని గంట సరిగ్గానే మోగుతోంది.

పదింటికి చర్చ మొదలైంది. అయిదుగురు మాట్లాడారు. ఆరో మనిషిగా కిటికీ పక్కనున్న మెర్ల్ లేచాడు.

"అధ్యక్షురాలమ్మా, చిటికెడు ఆకు కోసం అరవై రోజులు జైల్లో పడుకున్నాను. పద్దెనిమిదేళ్లు నాకప్పుడు. నౌకా పాఠశాలలో సీటు వచ్చింది, వచ్చినట్టే పోయింది. ఇవాల్టికీ ఇంకొకడి పడవ మీద పీతల బోనులు లాగుతున్నా. ఇట్లాంటిది ఇంకో కుర్రాడికి జరగొద్దు. ఎట్లా జరిగిందో పొయ్యి పక్కనున్న పెద్దమనిషికి బాగా తెలుసు."

పొయ్యి పక్క నుంచి క్లేటన్ చేతులకున్న పడవ ఇంజను మసి తుడుచుకోకుండానే లేచాడు. "అధ్యక్షురాలమ్మా, కిటికీ పక్కనున్న పెద్దమనిషిది ముప్ఫై తొమ్మిదేళ్లుగా ఒకటే పాట. మత్తులో ఉన్నవాడి కాలు తాడులో ఇరుక్కుంటే విడిపించేది పడవ యజమాని. అంటే నేను. అందుకే వద్దంటున్నా. ఆయన కావాలంటున్నాడు కాబట్టి ఇంకా గట్టిగా వద్దంటున్నా."

సభ నవ్వింది. అన్నదమ్ములిద్దరూ నవ్వలేదు.

"ఇంకెవరైనా మాట్లాడతారా?" అని ఎడ్నా ఆనవాయితీ ప్రకారం మూడుసార్లు అడగాలి. రెండుసార్లు ఎవరూ పలకలేదు. మూడోసారి గోడ పక్క నుంచి ఓరిన్ చెయ్యి లేచింది.

"ఏం ఓరిన్, పొయ్యి ఆరిందా?"

"కాదు ఎడ్నా... అధ్యక్షురాలమ్మా. నేను మాట్లాడాలి."

"గడియారం పట్టుకున్నవాళ్లు మాట్లాడకూడదయ్యా. ఆ రూలు మాకు నేర్పిందే నువ్వు."

"ఇంకొకరికి ఇస్తా."

అతడు పొయ్యి దాకా నడిచి గడియారాన్ని క్లేటన్ చేతిలో పెట్టాడు. "మూడు దాకా తిప్పి వదిలెయ్. దయదలచొద్దు," అన్నాడు.

సభలో మాట్లాడటం అతనికి అలవాటు లేదు. బడి గొట్టాలు ఏ సంవత్సరం వేశారో చెప్పాడు. చలికి అవి ఎలా పగిలేవో చెప్పాడు. రెండో అంతస్తులో నీళ్లు ఏ వైపు పారేవో చెప్పాడు. మధ్యమధ్య ఊపిరి కోసం ఆగాడు. "అరల వరసలో ఏడోది తడిసింది. తలుపు తీశాను. అందులో..." అన్నాడు. గంట మోగింది.

ఓరిన్ నోరు మూసుకున్నాడు. ఎందరో వక్తలను సగం మాట దగ్గర ఆపిన మనిషి తానూ సగం మాట దగ్గరే ఆగి, గోడ వైపు తిరిగాడు.

"అధ్యక్షురాలమ్మా!" మెర్ల్ నిలబడి ఉన్నాడు. "ఏడో అర నాది. ఆయనకు ఇంకో మూడు నిమిషాలివ్వాలని ప్రతిపాదిస్తున్నా."

అదనపు గడువుకు సభ ఓటు కావాలి. "అనుకూలురు చేతులెత్తండి," అంది ఎడ్నా. క్లేటన్ ఒక చేత్తో గడియారం పట్టుకొని రెండో చెయ్యి ఎత్తాడు. అన్నదమ్ముల చేతులు ఒకే వైపు లేవడం ఆ మందిరం అదే మొదటిసారి చూసింది. వ్యతిరేకులెవరూ లేరు.

"డబ్బీ ఉంది," అన్నాడు ఓరిన్. "నేనే తీసుకెళ్లి ఇచ్చాను. మీ నాన్నను పిలుస్తారనుకున్నా. క్లేటన్‌కు ఏ పాపం తెలియదు మెర్ల్. చెప్పాలని ప్రతి ఏడూ అనుకున్నా. చెప్పలేదు. ఈ ప్రశ్నకు అవుననాలో కాదనాలో నాకు తెలియదు. ఆ డబ్బీ సంగతి మాత్రం తెలుసు. అంతే."

సభలో పేరెత్తకూడదన్న నియమాన్ని అతడు రెండుసార్లు తప్పాడు. ఎడ్నా సరిదిద్దలేదు. ఒక నిమిషమైనా గడవలేదు. ఇచ్చిన గడువు ఇంకా మిగిలి ఉండటంతో గంట మోగేదాకా అందరూ టిక్కుటిక్కులు వింటూ కదలకుండా కూర్చున్నారు.

తరువాత వెర్నా కుండ మూత తీసింది. జనం చిక్కుడుగింజలూ రొట్టే తిన్నారు. ఓరిన్‌తో కొందరు మాట్లాడారు, కొందరు మాట్లాడలేదు. మెర్ల్ అతని ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నిన్ను కొట్టాలని ఉంది ఓరిన్."

"కొట్టు."

"ముసలాడివైపోయావ్," అని మెర్ల్ వెళ్లిపోయి పొయ్యి దగ్గర అన్న పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి మందిరం ఖాళీ అయింది. ఓరిన్ కుర్చీలు మడవడం మొదలుపెట్టాడు. పదికొకసారి కాదు, అయిదుకొకసారి ఆగుతున్నాడు. అరవై ఏడు మడిచాడు. రెండింటి మీద అన్నదమ్ములున్నారు. ఇంజన్ల గురించి మాట్లాడుకుంటున్నారు, ఒకరినొకరు చూసుకోకుండా, నేల వైపు చూస్తూ.

"నీ పాత ఇంజను ఇంకా పొగ కక్కుతోందా?" అని మెర్ల్.

"నీకెట్లా తెలుసు?"

"రోజూ వింటూనే ఉన్నాగా."

వారిని లేవమనడం ఓరిన్‌కు మర్యాదగా తోచలేదు. మిగిలిన కుర్చీని గోడ పక్కకు లాక్కొని, వారు లేచేదాకా ఆగుదామని కోటు వేసుకొని కూర్చున్నాడు. మాటలు ఆగలేదు. కిటికీ ఎండ అతని బూట్ల మీద నుంచి మోకాళ్ల మీదికి వచ్చింది. మూడున్నరకు క్లేటన్ లేచి, "ఓరిన్, ఈ రెండూ మేం మడుస్తాంలే, నువ్వు ఇంటికి పో," అన్నాడు. రెండోసారి మెర్ల్ పిలిచాడు. మూడోసారి ఇద్దరూ దగ్గరికి వెళ్లారు.

మార్చిలో జరిగిన ఊరి వార్షిక సభ పుస్తకంలో ఈ విధంగా ఉన్నది: "మెర్ల్ బీల్ ప్రతిపాదించగా, క్లేటన్ బీల్ బలపరచగా, సభ ఏకగ్రీవంగా తీర్మానించినదేమనగా: ఈ మందిరమును ముప్పది నాలుగు సంవత్సరములు తెరిచి, మూసి, శుభ్రముగా ఉంచిన కీర్తిశేషులు ఓరిన్ పెల్కీ, తన వంతు కానప్పటికీ లేచి, తనకు నష్టము కలిగించు సత్యమును తన నోట పలికినందుకు ఈ ఊరు ఆయనకు కృతజ్ఞత తెలుపుచున్నది. ఆయన గడియారమును ఉన్నచోటి నుండి కదల్చరాదు."

అది పొయ్యి పక్క గట్టు మీద ఉన్నది: ముల్లు సున్న మీద, తెల్లని అంచున క్లేటన్ బొటనవేలి మసి.