కోపానికి కరిచే చేప

కొర్రమీను రెండు రకాలుగా గాలం కరుస్తుంది. ఒకటి ఆకలికి. రెండోది కోపానికి.

వానలు పడ్డాక చెరువు మీద ఎర్రటి పిల్లల గుంపు తేలుతుంది. దూరం నుంచి చూస్తే అక్కడ నీళ్ళు సన్నగా ఉడుకుతున్నట్టు ఉంటుంది. ఆ గుంపు కింద తల్లి కాపలా ఉంటుంది. ఆ రోజుల్లో దానికి తిండి మీద ధ్యాస ఉండదు. గాలానికి కప్పను గుచ్చి సరిగ్గా గుంపు మధ్యలో వెయ్యాలి. వేసి లేపాలి. మళ్ళీ వేసి లేపాలి. మొదట ఊరుకుంటుంది. తర్వాత కప్పను మూతితో పక్కకి నెడుతుంది. ఇంకా విసిగిస్తే నోరు తెరుస్తుంది.

అప్పలసూరికి ఇదంతా తండ్రి నేర్పాడు. నేర్పి, పిల్లల మీదున్న చేపను మాత్రం పట్టుకుపోవద్దన్నాడు. ఆ మాట అన్నదమ్ములిద్దరూ తప్పలేదు. తమ్ముడు ధర్మేంద్ర పోయాక అప్పలసూరి తప్పాడు.

ధర్మేంద్ర ఊరి పెద్ద చెరువులో, తామరాకుల పక్కన, మొలలోతు నీళ్ళలో నిలబడి గాలం వేస్తూ చనిపోయాడు. అప్పలసూరి నువ్వుల చేలో ఉండగా కబురొచ్చింది. వెళ్ళేసరికి శవాన్ని గట్టు మీద పడుకోబెట్టారు. ఫిట్స్ వచ్చి పడిపోయాడని అందరూ ఒకటే మాట. అప్పలసూరి తమ్ముడి మొహం చూశాడు. తర్వాత నీళ్ళు చూశాడు. అంచు పొడుగునా చిన్న చిన్న పరికె చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. ఒక కప్ప కాళ్ళు చాచి బిగుసుకుని ఉంది.

“ఫిట్సొస్తే మనిసి పడతాడు గానీ, పరికిలెందుకు పడినాయిరా?” అన్నాడు.

“ఎండకి సచ్చుంటాయిలే మావా” అన్నాడు ఎవరో.

అవి ఎండకు చచ్చినవి కావని అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. గట్టు మీదుగా పోయే కరెంటు లైనుకి వెదురుగడతో తీగ తగిలించి, రెండో కొస చెరువులో వేసి చేపలు తేలదీసేవాడు ఆ చుట్టుపక్కల పైడిరాజు ఒక్కడే. ఊళ్ళో మంచి పొలాలు అతనివి. దమ్ము చేసే రోజుల్లో అందరికీ కావలసిన ట్రాక్టరూ అతనిదే. “నానీయాల బొబ్బిల్లో ఉన్నాను. ఇప్పుడే దిగినాను” అని ఎవరూ అడక్కముందే చెప్పాడు పైడిరాజు. అతని పాలేరు యుగంధర్ నేల చూస్తూ, “ఔను, బొబ్బిలెల్లినారు” అన్నాడు. పొద్దు వాలకుండానే దహనం కానిచ్చేశారు. పోలీసుల దాకా ఎవరూ పోలేదు.

తర్వాత ఊళ్ళో మాట పెరిగింది. ధర్మేంద్రకి చిన్నప్పటి నుంచీ ఫిట్సే అన్నారు. తాగి దిగాడన్నారు. అలాంటి మనిషిని పెళ్ళాం చెరువుకి ఎలా పంపిందన్నారు. కుమారి అన్నీ విని, ఒకరోజు అప్పలసూరి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“బావా, ఆయనకి ఫిట్సులున్నాయేటి? నాకు తెలీకండా దాసినారేటి?”

“నేవు.”

“మరేటైనాది?”

అప్పలసూరి చెప్పాడు. కుమారి గుమ్మం పట్టుకుంది.

“నరికీ బావా ఆడిని.”

“నరికితే నాను జైలుకెల్తాను, ఆడు మంచోడైపోతాడు. ఆడి నోటితోనే సెప్పిస్తాను. నలుగురి ముందర. అందాకా నోరు మూసుకోని ఉండు.”

ఎలాగో అతనికి అప్పుడు తెలియదు. మరుసటి వేసవిలో పైడిరాజు పెద్ద చెరువు పక్కనే ఉన్న తన పల్లపు భూమిలో చేపల చెరువు తవ్వించినప్పుడు తెలిసింది. అప్పలసూరి రోజూ వెళ్ళి ఆ తవ్వకం చూశాడు. అడుగున మోకాటిలోతు బంకమన్ను పడింది. వానలకి చెరువు నిండింది. పైడిరాజు కొబ్బరికాయ కొట్టి కట్ల, రోహు చేపపిల్లల్ని వదిలాడు. కొబ్బరిముక్క అప్పలసూరి చేతిలో కూడా పెట్టాడు. అప్పలసూరి తిన్నాడు.

ఆ సాయంత్రం గాలాలన్నీ ముందు వేసుకుని, వాటికుండే ఎదురుముల్లు ఆకురాయితో అరగదీశాడు. ముల్లు లేని గాలం నుంచి చేప తప్పించుకోవడం తేలిక. కానీ పడిన చేపకు నోరు చిరగదు. నోరు చిరిగిన చేప వేటాడలేదు. అతనికి కావలసింది వేటాడే చేప.

రెండు వానాకాలాలు పెద్ద చెరువు మీద ఎర్రగుంపు ఎక్కడ తేలితే అక్కడికి పోయాడు. తల్లిని కోపానికి తెచ్చి పట్టాడు. పిల్లల్ని తువ్వాలుతో దేవి తపేలాలో పోశాడు. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చే చేప, తడి గోనెలో వేస్తే చాలాసేపు బతుకుతుంది. గోనె సైకిలు వెనక కట్టుకుని, ఊరంతా పొలాలకి పోయే వేళ, అందరి మధ్య నుంచే పోయేవాడు.

“ఏటి బావా, ఈయాలా ఏటీ పడనేదా?”

“నేదు.”

“గోనిలో ఏటో కదుల్తన్నాది?”

“కప్పలు.”

“కప్పనేసి కప్పల్ని పట్టీనావేటి!” అని నవ్వేవారు. తమ్ముడు పోయాక మనిషి మెత్తబడిపోయాడని జాలిపడేవారు.

పైడిరాజు తవ్వించిన చెరువు తూము దగ్గర అప్పలసూరి కాళ్ళు కడుక్కోవడానికి ఆగేవాడు. గోనె మూతి విప్పి, తపేలా కూడా నీళ్ళలోకి వంచేవాడు. ఒక ఉదయం తల ఎత్తేసరికి ఎదురుగా యుగంధర్, భుజాన మేత బస్తాతో ఉన్నాడు. నల్లటి చేప తూము నీళ్ళలోకి జారిపోవడం ఇద్దరూ చూశారు. యుగంధర్ బస్తా భుజం మార్చుకుని, వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు.

ఆ తర్వాతి వేసవిలో పైడిరాజు చెరువులో వల పెట్టారు. పొద్దు పొడిచేసరికే గట్టు నిండా జనం. ఐసు పెట్టెలతో వ్యాను వచ్చి నిలబడింది. చేపలు ఏరడానికి ఆడవాళ్ళు బుట్టలతో వరసగా కూర్చున్నారు. కుమారి చివర కూర్చుంది. అప్పలసూరి సైకిలు దిగి, గాలం కర్ర ఒడిలో పెట్టుకుని ఎవరికీ అడ్డం కాకుండా ఒక మూల చతికిలపడ్డాడు.

జాలర్లు రెండు గట్ల నుంచి వల లాగారు. వల తేలిగ్గా వస్తోంది. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. చుట్టు బిగించేసరికి నాచు, నాలుగే నాలుగు కట్లలు, ఒక చెప్పు. అంతలో రోకలంత నల్లటి చేప ఒకటి వల పైఅంచు బెండ్ల మీదుగా ఎగిరి అవతల పడింది. దాని వెనక ఇంకొకటి.

“పైడిరాజు బావా, కట్లేసి కొర్రమీను పండించినావేటి!” అని గట్టు మీంచి ఎవరో అరిచారు. జనం గొల్లున నవ్వారు.

జాలర్ల పెద్ద మొహం తుడుచుకుని, “బాబూ, మీ సేపపిల్లలన్నీ ఈటి కడుపులోకెల్లిపోనాయి” అన్నాడు.

“అయితే ఈటినే లాగండి!” అన్నాడు పైడిరాజు.

“వల్లోకి రావు బాబూ. వల వస్తన్నాదంటే బురదలోకి దూరిపోతాయి. వల ఈటి నెత్తి మీంచి ఎల్లిపోద్ది.”

“నీళ్ళు తోడించీనా?”

“తోడినా బురదలోనే ఉంటాయి. రోజులట్టుద్ది. గాలానికైతే వస్తాయి.”

ఆ మాటకి అందరి తలలూ గట్టు మూలకి తిరిగాయి. పైడిరాజు పంచె ఎగగట్టుకుని అప్పలసూరి దగ్గరకి వచ్చాడు. తమ్ముడు పోయాక ఇద్దరూ మాట్లాడుకోవడం ఇదే మొదలు.

“సూరి బావా, ఓ సెయ్యెయ్యి.”

“ఏస్తాను” అన్నాడు అప్పలసూరి.

కప్పను గుచ్చి నీళ్ళలోకి వదిలాడు. నీటి కింద మసక నీడ కదిలి దగ్గరకి వచ్చింది. కప్పను పైకి లేపేశాడు.

“అదేటి, మూతి పెడతంటే తీసీసినావు?”

“తొందరేటి బావా? బొబ్బిలెల్లాలా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. పైడిరాజు నవ్వలేదు. అప్పలసూరి మళ్ళీ వేశాడు. నీడ మళ్ళీ వచ్చింది. మళ్ళీ లేపేశాడు.

“ఆటలాడతన్నావేటి?”

“నాకు సేతనైంది ఇంతే. నువ్వైతే గాలం నేకండా పట్టీగలవు. నీల్లలో కాలు కూడా ఎట్టకండా పట్టీగలవు.”

“ఏటంటన్నావు?”

“నీయంత మొనగాడు నేడంటన్నాను. అడుగు, ఎవులు కాదంటారో.”

జనం మధ్య సన్నగా గుసగుస లేచింది. వ్యాను డ్రైవరు హారను కొట్టి, ఐసు కరిగిపోతోందని అరిచాడు. అప్పలసూరి మూడోసారి వేసి, లేపి, కప్ప కాళ్ళకు చిక్కిన నాచు తీరిగ్గా తీశాడు.

“మొనగాడికి గాలమోడి కాళ్ళట్టుకునే గతేటో! మగతనం సచ్చిపోనాదేటి బావా?” అన్నాడు.

పైడిరాజు మెడ నరాలు లేచాయి. “నీ గాలమూ వద్దు, నువ్వూ వద్దు! ఒరే యుగంధర్! షెడ్డులో తీగున్నాది, తెచ్చీ!”

యుగంధర్ కదల్లేదు. “నాను తేను” అన్నాడు.

పైడిరాజే పరుగెత్తాడు. తీగచుట్ట, వెదురుగడ ఈడ్చుకుంటూ వచ్చి కరెంటు లైను కింద నిలబడ్డాడు. జాలర్లు ఇంకా గుండెలోతు నీళ్ళలో వల పట్టుకుని ఉన్నారు.

“బాబూ! మావు నీల్లలో ఉన్నాం బాబూ!”

“మరెక్కండిరా గట్టు! ఎక్కమంటే ఎక్కాల! ఆ రోజూ ఇదే! గొంతు సించుకోని అరిసినాను, గట్టెక్కరా ధర్మేంద్రా, గట్టెక్కరా అని! ఎక్కితే కదా ఆడు! ఎక్కకపోతే నా తప్పేటి?”

అనేశాక గానీ తనన్న మాట అతనికి వినపడలేదు. గడ చేతిలోనే ఉండిపోయింది.

వలలో ఆ నాలుగు కట్లలూ కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. కుమారి బుట్ట కింద పెట్టి లేచింది.

“బొబ్బిల్లో ఉన్నానన్నావు కదా బావా” అంది.

పైడిరాజు యుగంధర్ వైపు చూశాడు.

“బొబ్బిలెల్లనేదు. నాను అబద్దం సెప్పినాను” అన్నాడు యుగంధర్. ఈసారి నేల చూడలేదు.

జాలర్లు వల వదిలేసి గట్టెక్కారు. కుమారి తీగచుట్టని పైడిరాజు చేతిలోంచి తీసుకుంది. అతను పట్టుకోలేదు, వదలనూ లేదు, చేతిలోంచి జారిపోయిందంతే. దాన్ని నెత్తి మీద పెట్టుకుని పోలీసు స్టేషను దారిన నడిచింది. వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక యుగంధర్, తడిబట్టలతో జాలర్లు. చూడడానికి వచ్చిన వాళ్ళు కూడా ఒక్కొక్కరే లేచి ఆ వరసలో కలిశారు. వ్యాను ఖాళీగా వెళ్ళిపోయింది.

గట్టు మీద ఇద్దరే మిగిలారు. పైడిరాజు మట్టిలో కూలబడ్డాడు.

“కొర్రమీనులు నువ్వే ఏసినావు కదూ?”

“ఔను.”

“ఎన్నేసినావు?”

“లెక్కెట్టనేదు.”

పైడిరాజు నీళ్ళ వైపు తిరిగాడు. “ఆడి గాలానికి సేప పడినాది బావా. అందుకే ఎక్కనేదు. ఎక్కుతాడులే అనుకోని తగిలించీసినాను.”

“ఎంత సేప?”

అడగాలని అడగలేదు. రోజూ సాయంత్రం తమ్ముడు ఇంటికి రాగానే అడిగే మాట, అలవాటుగా వచ్చేసింది. పైడిరాజు రెండు చేతులూ చాచి చూపించాడు. అప్పలసూరికి ఆ చేతుల మధ్య తమ్ముడు కనిపించాడు. వంగిన కర్ర, బిగించిన పళ్ళు. అంత చేప పడ్డాక వాడు గట్టెక్కడు. ఎవరరిచినా ఎక్కడు. ఎక్కకపోవడం వాడి తప్పేనేమో అని, ఇన్నాళ్ళలో మొదటిసారి, ఒక్క క్షణం అనిపించింది.

“సేప తేలినాదా?” అన్నాడు మెల్లగా.

“తేలినాది.”

“ఏటి సేసినావు దాన్ని?”

పైడిరాజు చాచిన చేతులు అలాగే ఉన్నాయి. దించడం మర్చిపోయినట్టున్నాడు.

“ఊఁ?”

“వండుకున్నాం.”

అప్పలసూరి లేచాడు. డబ్బాలోంచి కొత్త కప్పను తీసి గుచ్చాడు. నీళ్ళలోకి వదిలి, ఈసారి లేపలేదు. నీడ వచ్చింది. దారం ఒక్కసారిగా బిగుసుకుంది. కర్ర వంగి నీళ్ళు తాకింది. కాసేపు అటూ ఇటూ పోనిచ్చి, అలిసిపోయాక గట్టుకి లాగాడు. ముల్లు లేని గాలం నోట్లోంచి ఊరికే వచ్చేసింది. పొడుగాటి కొర్రమీను. పైడిరాజు చేతులు చూపిస్తున్నంత ఉంది.

దాన్ని తీసుకెళ్ళి అతని ఒళ్ళో పడేశాడు.

“ఇదీ వండించుకో. పోలీసులొచ్చీలోపల తినీ.”

చేప ఒళ్ళోంచి మట్టిలోకి జారి తోక కొట్టుకుంది. పైడిరాజు దాన్ని ముట్టుకోలేదు. అప్పలసూరి దారం చుట్టి, గాలం కర్ర సైకిలుకి కట్టాడు. ముందు, మలుపు దగ్గర, కుమారి నెత్తి మీద తీగచుట్ట ఎండకి మెరుస్తోంది. వండుకున్న సంగతి కుమారికి చెప్పాలా వద్దా అని గట్టు దిగేదాకా ఆలోచించాడు. స్టేషనులో చెబుదామనుకున్నాడు. గట్టిగా, అందరికీ వినపడేలాగ.

సైకిలెక్కాడు. వెనక చేప ఇంకా కొట్టుకుంటూనే ఉంది. కొర్రమీను నీళ్ళు లేకపోయినా తొందరగా చావదు.