పంజాగుట్ట దాకా మౌనం

డిసెంబరు ఇరవై రెండుకు మా ఆడపడుచు సంహితకు పదహారు నిండుతాయి. పుట్టినరోజుకు ఏం కావాలని అడిగితే ఫిన్లాండ్ అంది. మొదట అందరూ నవ్వారట. నేను కాపురానికి వచ్చేసరికి ప్రయాణం ఖాయమైపోయి ఉంది, నన్నూ కలుపుకున్నారు. మావగారూ ఆడపడుచూ కూడా వచ్చే హనీమూన్ ఏంటని నా స్నేహితురాళ్ళు జాలిపడ్డారు. నాకు మాత్రం గంటల తరబడి విమానంలో మా ఆయన పక్క సీటు అన్న ఒక్క సంగతే చాలు. మా ఆయన అని రాస్తుంటేనే ఇంకా నవ్వొస్తోంది. పెళ్ళయి యాభై రోజులే మరి.

అత్తయ్యగారు రానన్నారు. "డిసెంబర్లో అక్కడ సూర్యుడే రాడటగా. సూర్యుడు రాని ఊళ్ళో పుట్టినరోజేంటి?" అనేశారు.

చిక్కల్లా మావయ్యగారి గొంతుతోనే. రామ్మోహనరావుగారు సనత్‌నగర్‌లో బోల్టులు చేసే ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు సూపర్‌వైజరుగా చేశారు. ఆ మోతలో పక్కమనిషికి వినపడాలంటే అరవాల్సిందే. ఆయన రిటైరయ్యారు గానీ గొంతు ఇంకా డ్యూటీలోనే ఉంది. భోజనాల దగ్గర ఉప్పు అడిగితే కింద వాచ్‌మన్ తలెత్తి చూస్తాడు.

సంహిత ఫిన్లాండ్ వీడియోలన్నీ చూసేసింది. "అక్కడ రైల్లో ఎవరూ మాట్లాడరు నాన్నా. మనిషికీ మనిషికీ బారెడు దూరం ఉండాలి. తాకకూడదు. తెలియనివాళ్ళని పలకరించకూడదు."

"మరి పొద్దెలా పోతుంది వాళ్ళకి?" అని మావయ్యగారు నిజంగానే దిగులుపడ్డారు.

ఆదివారం పొద్దున చలిబట్టలు కొనడానికి బయల్దేరుతుంటే సంహిత పరీక్ష పెట్టింది. అమీర్‌పేట మెట్రోలో గేటు దాటిన దగ్గర్నుంచి పంజాగుట్టలో గేటు దాటేదాకా నాన్న నోరు విప్పకూడదు. విప్పితే ఫిన్లాండ్ రాకూడదు.

"ఒక్క స్టేషనేగా, రెండు నిమిషాలు," అన్నాడు ఫణీంద్ర. ఆయనే మా ఆయన.

"మీ నాన్న రెండు నిమిషాలు ఊరుకోగా నేను చూడలేదు," అన్నారు అత్తయ్యగారు.

మావయ్యగారు నన్ను బాల్కనీలోకి పిలిచి, గుసగుసలాడుతున్నాననుకుని, "అమ్మా మంజూషా, దాని పదిహేను పుట్టినరోజుల్లో పదింటికి నేను షిఫ్టులోనే ఉన్నాను. ఇది మాత్రం పోగొట్టుకోను," అన్నారు. ఇల్లంతా విన్నది. సంహిత ఫోన్‌లోకి తల ఇంకొంచెం వంచుకుంది.

ప్లాట్‌ఫాం మీద నిలబడగానే టిఫిన్ క్యారియర్ పట్టుకున్న ఒకాయన నేరుగా మావయ్యగారి దగ్గరికే వచ్చాడు. దారి చెప్పే ముఖం మావయ్యగారిది. "అన్నా, గీ రైలు ఎల్బీనగర్ పోతదా?"

మామూలుగా అయితే ఈయన అతన్ని ఎల్బీనగర్‌లో దింపి వచ్చే రకం. నోరు తెరిచారు, సంహితను చూశారు, మూశారు, తల ఊపారు.

"మధ్యల మారాల్నా?"

తల అడ్డంగా ఊపారు.

"ఎన్ని స్టేషన్లుంటయ్?"

మావయ్యగారు పది వేళ్ళూ చూపించి, మళ్ళీ ఆరు చూపించారు. ఆ మనిషి ముఖం మెత్తబడిపోయింది. "అరే, మాటలు రావా అన్నా? ఫికర్ చెయ్యకు, నేనున్న," అన్నాడు. రైలెక్కగానే కోచ్ అంతటికీ చెప్పాడు. "జర జాగా ఇయ్యుండ్రి భాయ్. అన్నకు మాటలు రావు పాపం."

ఒకమ్మాయి లేచింది. మావయ్యగారు కందగడ్డలాంటి ముఖంతో కూర్చున్నారు. నవ్వు ఆపుకోలేక మా ఆయన భుజం నా భుజానికి తగిలి వణుకుతోంది. సంహిత బారెడు దూరంలో నిలబడి, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో, ఫోన్‌లో నాన్నకు మార్కులు వేసుకుంటోంది.

పంజాగుట్టలో జనం తోసేశారు. మా ఆయనా నేనూ చేతులు పట్టుకున్న ఆనందంలో దిగిపోయాం. సంహిత ముందే దిగిందనుకున్నాం. తిరిగి చూస్తే ఆమె ఇంకా లోపలే ఉంది, వంచిన తల వంచినట్టే ఉంది. ప్లాట్‌ఫాం మీద, తలుపు ముందు మావయ్యగారు చెయ్యి ఊపుతున్నారు. ఆమె చూడలేదు. ఆయన గుండెల నిండా గాలి పీల్చుకున్నారు. స్టేషన్ కప్పు ఎగిరిపోతుందనుకున్నాను. ఆ గాలంతా మెల్లగా వదిలేశారు. తలుపులు మూసుకున్నాయి.

అప్పుడు తలెత్తింది సంహిత. "నాన్నా" అని ఆమె పెట్టిన కేక అద్దంలోంచి మాకూ వినిపించింది. ఆ గొంతు ఎవరి పోలికో వేరే చెప్పక్కర్లేదు.

ఫణీంద్ర ఫోన్ చేసి తర్వాతి స్టేషన్‌లో దిగి వెనక్కి రమ్మన్నాడు. పది నిమిషాలకు వచ్చింది, ముఖం గంటు పెట్టుకుని.

"ఆ క్యారియర్ ఆయన ఇర్రంమంజిల్ దాకా తిట్టాడు వదినా. 'మాటలు రాని నాయినను ఇడిసిపెట్టి చెవులల్ల గవి పెట్టుకుంటవా బిడ్డా' అని. కోచ్ మొత్తం ఆయన వైపే."

"మాటలొస్తాయని చెప్పకపోయావా?"

"చెప్పాను. అబద్ధం సుత ఆడతవా అన్నాడు." తండ్రి వైపు తిరిగింది. "నువ్వు పిలవొచ్చుగా నాన్నా?"

ఆయన గేటు వైపు వేలు చూపించారు. నడిచి వెళ్ళి, కార్డు ఆనించి, అవతలికి దాటారు. అప్పుడు వెనక్కి తిరిగారు.

"పిలిస్తే నన్ను తీసుకెళ్ళవుగా," అన్నారు.

ఈ యాభై రోజుల్లో మొదటిసారి ఆయన మాట కోసం నేను చెవి రిక్కించాల్సి వచ్చింది. సంహితకు వినపడింది. గేటుకు ఇవతలే, కార్డు చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. వెనకనున్నవాళ్ళు పక్క గేట్లలోంచి వెళ్ళిపోతున్నారు.

"అక్కడ నేను దిగకపోతే అరిచెయ్ నాన్నా," అంది చివరికి.

"ఎంత గట్టిగా?"

"నీకు వచ్చినంత."

"మరి వాళ్ళు ఏమైనా అనుకుంటే?"

"అనుకున్నా పైకి అనరు నాన్నా. మాట్లాడరుగా."

"అయితే మంచి దేశమే," అన్నారు మావయ్యగారు. ఈసారి కింద రోడ్డు మీద ఆటోవాళ్ళకు కూడా వినిపించే ఉంటుంది.