వయసు గంట

పొద్దుటి గంట పన్నెండో దెబ్బ కొట్టి, దయానందం తాడు చివర చేతికి చుట్టుకుని నిలబడ్డాడు. గంట ఊగడం పూర్తిగా ఆగేదాకా తాడు వదలకూడదు. వదిలితే అది తనంతట తానే ఇంకో దెబ్బ కొడుతుంది. ఆ ఒక్క దెబ్బకు పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా ఉన్న నోళ్లన్నీ లేస్తాయి. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేసి చేసి అతని కుడిభుజం ఎడమ భుజానికన్నా రెండు వేళ్ల ఎత్తు పైకి లేచింది. అరచేతులు కాయలు కాచి, పొయ్యి మీద కుండను గుడ్డ లేకుండా దించేంత మొద్దుబారాయి. చర్చి వెనక గదిలో భార్య మగ్దలీనమ్మ మూడు రోజులుగా జ్వరంతో పడి ఉంది కనుక ఆ కుండ దించే పని కూడా ఇప్పుడు అతనిదే.

ఆ చర్చిలో ఒక ఆచారం ఉంది. ఎప్పటి దొరో పెట్టి పోయాడు. సంఘంలో ఎవరైనా చనిపోతే, వాళ్లకు ఎన్నేళ్లో అన్ని దెబ్బలు కొట్టాలి. దొరల దేశంలో పుట్టినరోజులు పుస్తకాల్లో రాసిపెడతారు కాబట్టి అక్కడ చెల్లింది. ఇక్కడ ఎవరు ఎప్పుడు పుట్టారో కన్నతల్లిని అడిగినా చెప్పలేదు. అందుకని చావింట్లో మొదట లెక్క తేల్చే పని దయానందం మీద పడింది. మూసీ పొంగిన ఏడు మోకాలెత్తు ఉన్నాడా, నడుమెత్తు ఉన్నాడా? ప్లేగుకు భయపడి ఇళ్లు ఖాళీ చేసిన ఏడు మీసం వచ్చిందా, పెళ్లయిందా? ఇలా అడిగి అడిగి రెండు బస్తీల వయసులూ నోటికి పట్టాడు. ఏ మతం వాళ్లయినా గంట మొదలైతే చేతిలో పని ఆపి లెక్కపెట్టేవారు. లెక్క ముగిసేసరికి పోయిందెవరో సగం మందికి తెలిసేది. అక్షరం రాని బస్తీకి అదే వార్తాపత్రిక.

గదిలోకి వెళ్లేసరికి పాలు పోయడానికి వచ్చిన సత్తెమ్మ మగ్దలీనమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తోంది. సత్తెమ్మది పక్క గుడిసె. రెండు బర్రెలు, పెద్ద గొంతు, అంతకన్నా పెద్ద మనసు.

"ఒళ్లు పెనం లెక్క కాలుతున్నదన్నా. ఇయ్యాల దవాఖానకు తోలుకపోవాలె. నీకు తీరిక లేకుంటే నేను తోలుకపోత."

"జట్కా ఐలయ్యకు నిన్ననే చెప్పిన. ఎనిమిదింటికి వస్తడు" అన్నాడు దయానందం.

మగ్దలీనమ్మ కళ్లు తెరవకుండానే అంది. "ఆయనతోనే పోత సత్తెమ్మా. పెండ్లయి ఇర్వై ఏండ్లాయె. ఇద్దరం కలిసి గీ గుట్ట దిగింది లేదు."

అది నిష్ఠూరం కాదు, నిజమే. ఆమె తల్లి సదాశివపేటలో పోతే ఒక్కతే వెళ్లి వచ్చింది. తమ్ముడి పెళ్లికీ ఒక్కతే. పొద్దున గంట, సాయంత్రం గంట, మధ్యలో ఎవరి చావు గంటో. మాట వచ్చినప్పుడల్లా దయానందం పాస్టరుగారి దగ్గరికి వెళ్లేవాడు, ఆయన "నువ్వు వెళ్తే గంటెవరు కొడతారయ్యా?" అనేవాడు. దయానందం తిరిగి వచ్చి తాడు పట్టుకునేవాడు. పని వదిలేద్దామంటే దానితోపాటు ఈ గది కూడా పోతుంది.

ఏడు దాటగానే జాన్‌బాబు పరుగున వచ్చాడు. అమీర్‌పేటలో ఉండే బంట్రోతు సారయ్య కొడుకు.

"మామా, బాపు పోయిండు."

దయానందం అతని వీపు నిమిరాడు. మంచి మనిషి సారయ్య. ఒకటి రెండు మాటలయ్యాక అలవాటుగా లెక్కలో పడ్డాడు. "మూసీ పొంగిన ఏడు నువ్వు అప్పుడే నడక నేర్చినవ్. మీ బాపుకు అరవై ఆరు."

జాన్‌బాబు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "యాభై నాలుగే కొట్టు మామా. నౌకరీ నుంచి తియ్యొద్దని కితాబుల గదే రాయించిండు. అరవై ఆరని తెలిస్తే మా అవ్వకు రావాల్సిన పించిని సుత రాదు. పెద్ద క్లర్కు మా గల్లీలనే ఉంటడు. ఆయన సుత గంట లెక్కవెడతడు."

ఇరవై ఏళ్లలో దయానందం ఒక్క దెబ్బ తప్పు కొట్టలేదు. తన బతుకులో గొప్పగా చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. ఇంకో రోజైతే మధ్యాహ్నం దాకా వాదించేవాడే. కానీ బయట ఐలయ్య జట్కా వచ్చి ఆగింది, లోపల మగ్దలీనమ్మ మూలుగుతోంది. అతని పని అడకత్తెరలో పోకచెక్క అయింది. తాడు అందుకుని యాభై నాలుగు కొట్టేశాడు.

"యాభై నాలుగా? గా వయసోడు ఎవడు పోయిండే?" అని దారిన పోయేవాళ్లు ఆగి సత్తెమ్మను అడగడం అతనికి వినిపించింది.

తాడు వదిలి గుమ్మం దాటేలోగా పాస్టరుగారు ఎదురొచ్చాడు. బందరు వైపు నుంచి వచ్చిన మనిషి, నిదానస్తుడు.

"ఏంటి దయానందం, ఎక్కడికి? మూడింటికి సారయ్యగారిని చర్చికి తెస్తున్నారు. తెచ్చేటప్పుడు కొట్టాలి, తీసుకెళ్లేటప్పుడు కొట్టాలి."

"ఆమెకు జ్వరం మస్తుగున్నది అయ్యగారూ. దవాఖానకు తోలుకపోవాలె."

"అయ్యో, తీసుకెళ్లు. ఎవరొద్దన్నారు? ఇక్కడ ఒక మనిషిని పెట్టి వెళ్లు."

దయానందం ఆవరణలో ఉన్న మగవాళ్లను ఒక్కొక్కరినే అడిగాడు. అందరూ సానుభూతిగానే తలాడించారు. "అది నీ చేతికి మరిగిన గంట. మేం కొడితే తప్పుతది" అన్నారు. జాన్‌బాబు కూడా అదే అన్నాడు. తండ్రి పోయిన మనిషిని ఇంకేమడుగుతాడు? ఐలయ్యను సాయంత్రం రమ్మని పంపేశాడు.

"మట్టి అయినంక పోదాం. అయిదు గంటలకల్ల బయలెల్లుదాం" అని చెప్పాడు భార్యకు.

"సరే" అంది మగ్దలీనమ్మ. ఇరవై ఏళ్లుగా ఆమె చెప్పే జవాబు అదే. కళ్లు తెరిచింది. "సారయ్యన్నకు యాభై నాలుగేంది? ఎక్కువనే ఉంటయి గదా."

"అరవై ఆరు."

"మరి గంత జల్ది ఎందుకు ఆపినవ్?"

"నీ కోసమే" అన్నాడతను. అది పూర్తి నిజం కాకపోయినా సగం కన్నా ఎక్కువే. ఆమె ఎండిన పెదవులతో నవ్వింది. ఆ నవ్వు చూసి అతనికి ప్రాణం లేచి వచ్చింది. సాయంత్రం దాకా ఏమీ కాదులే అనుకున్నాడు.

మూడింటికి శవపేటిక వచ్చింది, నాలుగింటికి కదిలింది. ఊరేగింపు సమాధుల తోట చేరి, అక్కడి నుంచి ఎవరో తెల్లగుడ్డ ఊపేదాకా ఆగి ఆగి ఒక్కో దెబ్బ కొడుతూ ఉండాలి. కిటికీలోంచి గుట్ట కింది దారి కనిపిస్తోంది. ఐలయ్య జట్కా గుట్ట ఎక్కి వచ్చింది. గుర్రం గడ్డిలో మూతి పెట్టింది. దయానందం ఒక దెబ్బ కొట్టి జట్కాను చూశాడు, ఇంకో దెబ్బ కొట్టి తోట వైపు చూశాడు. గుడ్డ ఊపేవాడు ఎవడోగాని వాడి చెయ్యి పడిపోను అని తిట్టుకున్నాడు. చర్చిలో ఉన్నానని గుర్తొచ్చి లెంపలేసుకున్నాడు.

సత్తెమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె పెద్ద గొంతు ఏమైందో, మెల్లగా అంది.

"గంట ఆపన్నా."

"ఇంక గుడ్డ ఊపలే సత్తెమ్మా."

"ఆపి రా అన్నా."

మగ్దలీనమ్మ గది గుమ్మంలోనే ఉంది. ఉతికిన చీర కట్టుకుంది, తల దువ్వుకుంది. ద్వారబంధానికి ఆనుకుని కూర్చుని, జట్కా కోసం చూస్తూ కునుకు తీసినట్టే ఉంది. లేపుదామని సత్తెమ్మ చెయ్యి పట్టుకుంటే ఆ చెయ్యి చల్లగా తగిలిందట. గంట మోగుతున్నప్పుడే పోయింది. ఎన్నో దెబ్బకో తెలియదు. ఇద్దరూ కలిసి ఆమెను లోపల చాప మీద పడుకోబెట్టారు.

తోట నుంచి తిరిగి వచ్చినవాళ్లు వచ్చినట్టే ఆ ముంగిట్లో ఆగిపోయారు. పాస్టరుగారు ప్రార్థన చేసి, దయానందం పక్కన వంగి అడిగాడు.

"ఎన్నేళ్లు దయానందం?"

దయానందం నోరు తెరిచాడు. రెండు బస్తీల వయసులు చెప్పగల నోరు. మూసీ పొంగిన ఏడు ఆమె ఎంత ఉండేది? ఎక్కడ ఉండేది? ఎవరి చంకలో, ఏ ఊళ్లో? ఎన్నడూ అడగలేదు. అందరి ఇళ్లకూ వెళ్లి అడిగిన ప్రశ్న తన గదిలో అడగలేదు.

"ముప్పై ఏడు" అంది సత్తెమ్మ లోపలి నుంచి. "మూసీ పొంగిన్నాడు మూడేండ్ల పిల్లట. వాళ్లవ్వ సంకలేసుకొని తాటిచెట్ల గడ్డకెక్కిందట."

"నీకెట్ల తెలుసు?"

"బాయికాడ ఎన్నిసార్లు చెప్పలే? నీకు చెప్పలేదా అన్నా?"

చెప్పే ఉంటుంది. అప్పుడు తను పొద్దు ఎంతయిందో చూసుకుంటూ ఉండి ఉంటాడు. దయానందం గోడ పట్టుకుని లేచాడు, తాడు దగ్గరికి వెళ్లడానికి.

జాన్‌బాబు అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. "నువ్వు కూసో మామా. నేను కొడత."

వెళ్లాడు. మొదటి దెబ్బ పడింది. రెండోది పడింది. తప్పు లేదు, తడబాటు లేదు, దయానందం కొట్టినట్టే ఉంది. "బాగానే కొడుతున్నాడు" అన్నాడు పాస్టరుగారు, ఓదార్పుగా. దయానందం గుమ్మంలో కూలబడి లెక్కపెట్టాడు. ఈ గుమ్మంలో కూర్చుని ఆ గంట వినడం అతనికి ఇదే మొదలు. ఇంత దగ్గరగా, ఇంత పెద్దగా మోగుతుందని తెలియదు. గుట్ట కింద కూడా ఎవరో పని ఆపి లెక్కపెడుతూ ఉంటారు, ఇంత చిన్న వయసులో పోయిందెవరా అనుకుంటూ.

ముప్పై ఏడు దగ్గర గంట ఆగింది. ఐలయ్య జట్కా మళ్లించుకుని నడిపించుకుంటూ గుట్ట దిగిపోయాడు.

ఆమె కూర్చున్నచోట, ద్వారబంధం పక్కన, దవాఖానకు కట్టుకున్న చిన్న గుడ్డమూట అలాగే ఉంది. గట్టిగా బిగించిన ముడి కింది నుంచి ఉతికి మడతపెట్టిన అతని తెల్ల చొక్కా చేయి ఒకటి బయటికి వేలాడుతోంది.