హాజరు బుగ్గ

ఏం చూశారో చెప్పండి. తల తిప్పుకోకండి. ఆ వ్యాన్‌లోనూ మీరున్నారు, ఎల్లోస్టోన్‌లో ఆ చెక్క బెంచీ మీదా మీరున్నారు. చెప్పరా? అయితే వినండి.

అమెరికాలో రెడ్‌మండ్ నుంచి లాంగ్ వీకెండ్‌కి బయల్దేరారు. రఘు డ్రైవ్ చేస్తున్నాడు. అతని భార్య త్రివేణి పులిహోర డబ్బా వెనక్కి అందిస్తోంది. వెనక సీట్లో, రఘు ఆఫీసులో కొత్తగా చేరిన దేవ్, అతని తొమ్మిదేళ్ల కూతురు.

"ఇంతకీ మీ ఇంటిపేరేంటి దేవ్ గారూ?" అన్నాడు రఘు, అద్దంలోంచి చూస్తూ.

ఆ ప్రశ్న కులం కోసమేనని పెద్దవాళ్లందరికీ తెలుసు. దేవ్ తన పాత రూమ్మేట్ ఇంటిపేరు చెప్పాడు.

"మనవాళ్లేనా! ముందే చెప్పొద్దా బావగారూ!" రఘు హుషారుగా హారన్ కొట్టాడు.

కూతురు ప్రిస్సిల్లాని దేవ్ అప్పటికే ప్రియ అని పరిచయం చేశాడు. "నాన్నా, నేను ప్రియ ఎందుకు?" గుసగుసగా అడిగింది పాప.

"ట్రిప్ అయ్యేదాకానే తల్లీ."

పార్కులో హాజరు బుగ్గ దగ్గర ఆగారు. "బుగ్గ అంటే ఇది కదా?" అని పాప తన చెంప పొడిచి చూపించింది.

"నీళ్లు ఉబికేదాన్ని కూడా బుగ్గే అంటారమ్మా," అంది త్రివేణి.

ఆ బుగ్గ రోజుకి నాలుగుసార్లు లేచి, వచ్చినవాళ్లలో ఒకరిని పేరుపెట్టి పిలుస్తుంది. పలికితే దిగిపోతుంది. పార్కు చూసుకునే రేంజరమ్మ ఆ టైములు బోర్డు మీద రాసిపెట్టింది.

మూడుంపావుకి నీళ్లు కొబ్బరిచెట్టంత లేచాయి. ఆవిరిలోంచి, బళ్లో హాజరు వేస్తున్నట్టే, "చిలకా దైవాశీర్వాదం, తండ్రి ఏసుపాదం" అని వినిపించింది.

"అరె, తెలుగోడే! పేరు వింటేనే తెలుస్తోంది, కోటా బ్యాచ్," రఘు నవ్వాడు.

దేవ్ కూడా నవ్వాడు.

రెండోసారి పిలిచింది. హాజరు పలక్కపోతే అన్నం పెట్టని హాస్టల్లో, అందరికంటే గట్టిగా "ప్రెజెంట్ సార్" అని అరిచిన గొంతు దేవ్‌ది. ఇప్పుడు రెండు బుగ్గలూ మండిపోతున్నా పెదవి కదల్లేదు.

"నాన్నా, నిన్నే." పాప చెయ్యి లాగింది.

"కాదమ్మా. ఇంకెవరో."

మూడోసారి పిలిచింది. నీళ్లు దిగడం లేదు. పాప బెంచీ ఎక్కి నిలబడి, "ప్రెజెంట్!" అని అరిచింది.

నీళ్లు చప్పున దిగిపోయాయి. రేంజరమ్మ బోర్డు మీద టిక్కు పెట్టుకుని వెళ్లిపోయింది.

వ్యాన్ దగ్గర రఘు "బావగారూ" అనబోతే నోట్లోంచి ఆవిరి వచ్చింది. "దేవ్" అనబోయినా ఆవిరే. చేత్తో సైగ చేసి ఎక్కమన్నాడు. దేవ్ జేబులోంచి లైసెన్సు తీశాడు. పేరుండాల్సిన చోట తడి మరక.

"ప్రియా, నువ్వూ ఎక్కమ్మా," అంది త్రివేణి.

"ప్రియ కాదు ఆంటీ. ప్రిస్సిల్లా దైవాశీర్వాదం." అమెరికా యాసలోనే అంది, ఒక్క అక్షరం మింగకుండా.



పలికింది పాప కాబట్టి ఆ పేరిప్పుడు పాప దగ్గరుంది. అడిగితే ఇచ్చేస్తుంది. రోజూ బడి దగ్గర దింపేటప్పుడు అడుగుదామనుకుంటాడు దేవ్, మొహం చెల్లదు.

అతని సిగ్గు సంగతి అతను చూసుకుంటాడు. రఘు ఇంటిపేరు అడగ్గానే మీరూ చెవులు రిక్కించారే, అదెందుకు?