చూడనివాళ్ళ సాక్ష్యం

తమ్ముడికి వైద్యం ఇంటిపట్టునే జరుగుతోందని అక్క చెప్పగానే సర్కారు ఆఫీసులో గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మనోవ్యాధి భృతికి ఆస్పత్రిలో పడుకుని తీరాలన్న రూలేమీ లేదట. పదిహేను రోజులకోసారి డాక్టరుకి చూపించుకుని, మాత్రలు వేసుకుంటూ ఇంట్లో ఉన్నా చాలట. కాకపోతే వార్డులో రోగి ఏం చేస్తున్నాడో నర్సు రాస్తుంది. ఇంట్లో ఎవరు రాస్తారు?

"నేనున్నానుగా బాబూ."

"మీరు తోడబుట్టినవారు, పనికిరారు. రోజూ చూసే బయటివాళ్ళు ఇద్దరు సంతకం పెట్టాలి."

పొరుగూరి మిల్లులో అక్క పెట్టిన సెలవు నెలాఖరుతో సరి. భృతి వస్తే పని మానేసి వాడి దగ్గరే ఉండొచ్చు. రాకపోతే వాణ్ణి ఆస్పత్రికి అప్పజెప్పి రైలెక్కాలి. ఎవరు ఊరెళ్తున్నా వారం ముందునుంచే ముద్ద దిగని మనిషి ఆమె.

తమ్ముడు కటింగ్ మాస్టరు. కత్తెర ముట్టి ఎనిమిది నెలలైంది. గోడవైపు తిరిగి పడుకుంటాడు. గుమ్మం దాటడు, పలకరిస్తే పలకడు. అలాంటివాణ్ణి రోజూ చూసే బయటివాళ్ళు ఎక్కణ్ణుంచి ఊడిపడతారు?

అక్క వీధంతా తిరిగింది. కింది వాటాలో ఇస్త్రీ చేసే ఆవిడ చూడలేదంది. పై వాటాలో రిటైరైన లెక్కల మేష్టారు చూడలేదన్నారు. చూశానన్నవాడు ఒక్కడూ లేడు. అక్క ఆ ముక్కే కాగితం మీద పెట్టించి, పంతొమ్మిది సంతకాలతో పట్టుకెళ్ళింది.

"చూడనివాళ్ళు సాక్షులెలా అవుతారమ్మా?"

"ఎవరికీ కనబడకపోవడమే కదా బాబూ వాడి జబ్బు."

గుమాస్తా లేచి లోపలికెళ్ళాడు. పైఅధికారిని అడిగొచ్చి, ఇప్పటిదాకా చూడకపోతే ఇకనుంచి చూడమనండి, పది రోజులు చాలు, అన్నాడు.

మర్నాడే మంచం పక్కన రెండు కుర్చీలు పడ్డాయి. పని చెడగొట్టుకోలేనంటూ ఇస్త్రీ ఆవిడ బల్లతో సహా దిగింది. మేష్టారు నోటుపుస్తకంలో గళ్ళు గీసుకుని రాసుకుపోయారు: పదింటికి గోడ. పదిన్నరకి గోడ. పదకొండుకి కళ్ళు మూసుకున్నాడు. పదకొండున్నరకి తెరిచాడు, గోడ.

ఆరో రోజు వాళ్ళిద్దరూ కిటికీ తీయాలా వేయాలా అని వాదులాడుకుంటుంటే గోడవైపునుంచి గొంతు వినబడింది.

"కాలరు మాడుతోంది."

నిజంగానే మాడుతోంది. ఆ గొంతు విని నెల దాటిందేమో, అక్కకి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే పుస్తకం వంక చూసింది. మేష్టారి కలం కదులుతోంది.

"అది రాయకండి మేష్టారూ, మీకు పుణ్యముంటుంది."

"జరిగింది రాయొద్దంటే ఎలాగమ్మా?"

"రాసుకోనీ వదినా," అంది ఇస్త్రీ ఆవిడ చొక్కా విదిలిస్తూ. "రెండు మాటలకే నయమైపోయిందంటారా? మా ఆయన ఏ జబ్బూ లేకుండానే ఆ రెండూ మాట్లాడడు."

పది రోజులూ గడిచాక గుమాస్తా ఆ పుస్తకం అక్షరం పొల్లుపోకుండా చదివి లోపలికెళ్ళాడు. గంట తర్వాత వచ్చి భృతి మంజూరైందన్నాడు. బయటివాళ్ళు ఇద్దరు కనిపెట్టుకుని ఉండి రికార్డు రాస్తున్నారు గనక ఆ ఇల్లు ఇకనుంచి వార్డు కింద లెక్కట. మేష్టారే రికార్డు చూడాలి, నెలనెలా పంపాలి. అక్క చేతులెత్తి దణ్ణం పెట్టింది. కాగితం వెనక కూడా చదువుకోమన్నాడు గుమాస్తా. వార్డులో బంధువులు ఉండకూడదు. ఉంటే భృతి ఆగిపోతుంది. చూసిపోవడానికి వేళలు సాయంత్రం నాలుగు నుంచి అయిదు.

"అది మా ఇల్లు బాబూ."

"అయిదు దాకా ఉండొచ్చమ్మా," అన్నాడతను ఊరడింపుగా.

మర్నాడు నాలుగింటికి అక్క తన ఇంటి తలుపు తనే తట్టి లోపలికొచ్చింది. అక్క వచ్చిన వేళ మేష్టారు రాశారు. ఆమె దుప్పటి సర్దింది. ఏ మాత్ర ఎప్పుడు వేయాలో ఇస్త్రీ ఆవిడకి మూడుసార్లు చెప్పింది. అయిదు కాగానే సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి నాలుగోసారి చెప్పింది.

"వెళ్ళొస్తానురా."

తమ్ముడు ఇటు తిరిగాడు. "ఎక్కడికక్కా?"

ఆ సంగతి ఎవరికీ తెలియదు. రూలులోనూ రాసి లేదు. మేష్టారు 'వెళ్ళిన వేళ' అన్న గడి వంక కాసేపు చూసి, కలానికి మూత పెట్టేశారు.

"ఆవిడ వెళ్ళినప్పుడు రాస్తాను," అన్నారు.

అక్క సంచీ దించి, పొయ్యి వెలిగించడానికి వెళ్ళింది.